శరదారంభంలో పది రోజుల అంచనా: వాన పటాన్ని ఎప్పుడు చూడాలి?

వాతావరణ శాస్త్రంలో మూడు రోజులు దాటి పది రోజుల లోపు కాలానికి వేసే అంచనాను మధ్యకాలిక అంచనా అంటారు. మూడు రోజుల లోపలిది స్వల్పకాలిక అంచనా కాగా, పది రోజులు దాటి నెల వరకు సాగేది విస్తృతకాలిక అంచనా. స్వల్పకాలిక అంచనాకు ముడిసరుకు ఉపగ్రహ చిత్రంలో అప్పటికే కనిపిస్తున్న మేఘసమూహం. అది ఎటు పోతుంది, ఎప్పుడు కురుస్తుంది అన్నవే అక్కడి ప్రశ్నలు. మధ్యకాలిక అంచనాలో చాలాసార్లు ఆ మేఘసమూహమే ఇంకా ఉండదు. పుట్టని అల్పపీడనం పుడుతుందా, పుడితే ఏ దారి పడుతుంది, ఆ దారిలో ఎంత నీటిని మోసుకొస్తుంది అన్నవి తేల్చాలి. తెలుగు నేల మీద ఈ ప్రశ్నలకు సెప్టెంబరు రెండో పక్షం నుంచి అక్టోబరు చివరి దాకా, అంటే రైతు లెక్కలో ఉత్తర, హస్త, చిత్త, స్వాతి కార్తెల్లో ఉన్నంత బరువు ఏడాదిలో మరెప్పుడూ ఉండదు.

కారణం ఈ కాలపు స్వభావంలోనే ఉంది. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం నైరుతి రుతుపవనాల తిరోగమనం సాధారణంగా సెప్టెంబరు 17 ప్రాంతంలో పశ్చిమ రాజస్థాన్ నుంచి మొదలై అక్టోబరు 15 నాటికి దేశమంతటా ముగుస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలు దక్షిణ భారతంలో సుమారు అక్టోబరు 20 నుంచి అందుకుంటాయి. ఈ రెండింటి నడుమ గాలికి నిలకడైన దిశ ఉండదు. జులైలో ‘ఉత్తర కోస్తాలో జల్లులు’ అని వారం ముందు చెప్పినవారి మాట తప్పడం అరుదు, ఎందుకంటే ఆ నెలలో జల్లు పడని వారమే అరుదు. అక్టోబరులో మాత్రం రెండు వారాలు ఆకాశం నిర్మలంగా ఉండి, ఆ తర్వాత ఒక్క వాయుగుండం వచ్చి నెల మొత్తానికి సరిపడా వానను ఒక రాత్రిలో కురిపించి పోవచ్చు. అదే సమయానికి తెలంగాణలో పత్తి తీత మొదలై ఉంటుంది, కోసిన మొక్కజొన్న కళ్లాల్లో ఆరుతూ ఉంటుంది, అనంతపురం వైపు వేరుశనగ పీకుతుంటారు, కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో శనగ విత్తేందుకు ఒక మంచి పదును కోసం ఎదురుచూస్తుంటారు. ఒకే వాన ఒకరికి నష్టంగా, మరొకరికి విత్తనపు అదనుగా పరిణమించే కాలంలో ‘వాన పడుతుందా’ అని మాత్రమే అడిగి ఊరుకోవడం చాలదు.

అంచనా ఎలా తయారవుతుందో కొంత తెలియకుండా దానిని చదవడం కుదరదు. వాతావరణ నమూనా భూమి చుట్టూ ఉన్న గాలిని గడులుగా, పొరలుగా విభజించి, ప్రతి గడిలో పీడనం, ఉష్ణోగ్రత, తేమ, గాలివేగం ఇప్పుడెంత ఉన్నాయో నింపి, భౌతికశాస్త్ర సమీకరణాల సాయంతో కొద్ది నిమిషాల తర్వాత ఎంత ఉంటాయో లెక్కగట్టి, ఆ ఫలితం మీద మళ్లీ లెక్క వేస్తూ పది రోజుల ముందుకు సాగుతుంది. ఈ ఆలోచనను లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1922లో అచ్చువేసిన తన గ్రంథంలో చేతిలెక్కతో ప్రయత్నించి, ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కళ్లు పెరుగుతుందన్న అసాధ్యమైన జవాబు తెచ్చుకున్నాడు. ప్రకృతిలో అంత మార్పు అంత వేగంగా రాదు. తప్పు సమీకరణాలది కాదని, మొదట నింపిన అంకెల్లోని అసమతుల్యతదని తర్వాత తేలింది. 1950లో ఎనియాక్ అనే తొలి తరం కంప్యూటర్ మీద మొదటి విజయవంతమైన అంచనా వచ్చింది. యూరప్ దేశాలు కలిసి 1975లో నెలకొల్పిన మధ్యకాలిక అంచనాల కేంద్రం 1979 ఆగస్టు నుంచి క్రమబద్ధంగా అంచనాలు వెలువరిస్తోంది. భారతదేశంలో 1987 నాటి తీవ్ర కరవు ఈ పనికి ప్రేరణ అయింది. ఆ మరుసటి ఏడాదే జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం ఏర్పడింది, దానికోసం అమెరికా నుంచి క్రే సూపర్ కంప్యూటర్ వచ్చింది. ఇప్పుడు నోయిడాలో ఉన్న ఆ కేంద్రం, పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ, భారత వాతావరణ శాఖ కలిసి దేశపు అంచనాలను నడుపుతున్నాయి. చాలాకాలం సుమారు 12 కిలోమీటర్ల గడులతో నడిచిన భారతీయ నమూనాల సరసన, 2025 మే నెలలో 6 కిలోమీటర్ల గడులున్న భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ చేరింది.

ఈ 6 కిలోమీటర్ల గడి కూడా ఒక క్యుములోనింబస్ మేఘపు లోపలి ఎగుగాలులను, దిగుగాలులను విడివిడిగా చూపేంత చిన్నది కాదు. అందువల్ల గడిలో ఎక్కడో కురిసే వానను నమూనా నేరుగా లెక్కించలేక, ఆ గడిలోని సగటు తేమ, సగటు వేడి ఆధారంగా ఊహించి రాస్తుంది. దీనినే శాస్త్రజ్ఞులు పరామితీకరణ అంటారు. గాలి దిశ, పీడనం వంటివి నమూనా సమీకరణాల నుంచి నేరుగా వచ్చే ఫలితాలు కాగా, వాన మాత్రం ఈ ఊహల గుండా వచ్చే ఫలితం. సామాన్య పాఠకుడు, పత్రికా విలేకరి కూడా మొట్టమొదట తెరిచి చూసేది వాన పటాన్నే కావడం ఈ రంగంలోని పెద్ద విచిత్రం. నమూనా అన్నిటికన్నా తక్కువ నమ్మకంతో చెప్పే మాటను అన్నిటికన్నా ఎక్కువ నమ్మకంతో స్వీకరించడం అంటే ఇదే. మధ్యకాలిక అంచనా చదివే సరైన క్రమంలో వాన పటం చివరిది.

పది రోజులే ఎందుకు, నెల రోజులు ఎందుకు కాదన్న ప్రశ్నకు ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో ప్రచురించిన పరిశోధన జవాబిచ్చింది. ఒక చిన్న నమూనాను రెండోసారి నడిపేటప్పుడు ఆయన 0.506127 అన్న అంకెకు బదులు అచ్చులో వచ్చిన 0.506ను ఇచ్చాడు, ఆ అతి స్వల్ప భేదం పెరిగి పెరిగి, కొంత కాలానికి రెండు ఫలితాలకూ పోలికే లేకుండా పోయింది. వాతావరణంలో కూడా ఇంతే. విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్ కేంద్రాల నుంచి ఎగిరే బెలూన్లు, సముద్రంలోని బోయాలు, ఓడలు, విమానాలు, ఉపగ్రహాలు కలిసి ఇచ్చే కొలతలు ఎంత దట్టమైనవైనా బంగాళాఖాతం మీది ప్రతి కిలోమీటరునూ కొలవలేవు. కొలవని చోట మిగిలిన చిన్న దోషం రోజురోజుకూ ఇబ్బడిముబ్బడిగా పెరుగుతుంది. రెండు వారాల తర్వాత ఫలానా రోజు ఫలానా ఊళ్లో వాన అని చెప్పడం కంప్యూటర్ శక్తి చాలక ఆగిపోయిన పని కాదు, ప్రకృతి గీసిన హద్దు. ఆ హద్దు లోపల మాత్రం పురోగతి నిజమైనదే: గత నాలుగు దశాబ్దాలుగా దశాబ్దానికి సుమారు ఒక రోజు చొప్పున ఉపయోగకరమైన అంచనా కాలం పొడుగవుతూ వచ్చింది. ఈ లెక్క ముఖ్యంగా సమశీతోష్ణ మండలాల మీది గాలుల ఆధారంగా వేసినదని, మేఘాల ఉష్ణమే ఇంధనమైన ఉష్ణమండలంలో అంచనా అంతకన్నా కష్టమని కూడా గుర్తుంచుకోవాలి.

లోరెంజ్ చూపిన హద్దును అంగీకరించి, దానితో పని చేయించుకునే పద్ధతే సమష్టి అంచనా. దీనిని ఎన్‌సెంబుల్ అని కూడా వ్యవహరిస్తారు. ప్రారంభ స్థితిని కొలతల్లోని దోషం మేరకు కొద్దికొద్దిగా మార్చి, నమూనాను ఒక్కసారి కాక అనేకసార్లు నడిపితే, అన్ని ఫలితాలూ ఒకే చోట గుమికూడాయా, చెల్లాచెదరయ్యాయా అన్నది తెలుస్తుంది. 1992 చివరలో యూరప్, అమెరికా కేంద్రాలు రెండూ ఈ పద్ధతిని నిత్య వాడుకలోకి తెచ్చాయి. ఇప్పుడు యూరప్ కేంద్రపు సమష్టిలో 51 సభ్యులు, నోయిడా కేంద్రపు సమష్టిలో 23 సభ్యులు ఉంటారు. ఇక్కడ సభ్యుడంటే నమూనా ఒకసారి నడిచి ఇచ్చిన ఒక పూర్తి అంచనా. సభ్యులందరూ ఆరో రోజు వరకు ఒకే బాటలో నడిచి ఏడో రోజు విడిపోతే, ఆరో రోజు దాకా ధైర్యంగా మాట్లాడవచ్చని, ఏడో రోజు గురించి నోరు అదుపులో పెట్టుకోవాలని నమూనాయే చెబుతున్నట్టు. కొన్ని వాతావరణ స్థితుల్లో పదో రోజు వరకు సభ్యులు కలిసే ఉంటారు, మరికొన్నిట మూడో రోజే చెదురుతారు. అంచనా మీద నమ్మకం రోజుల లెక్కను బట్టి మాత్రమే తగ్గేది కాదనడానికి ఇదే నిదర్శనం.

ఇక శరదారంభంలో బంగాళాఖాతం వైపు చూడాల్సిన క్రమం. అన్నిటికన్నా పైన ఉండేది మాడెన్–జూలియన్ డోలనం. 1971లో రోలండ్ మాడెన్, పాల్ జూలియన్ గుర్తించిన ఈ భారీ మేఘతరంగం హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ వైపు సుమారు 30 నుంచి 60 రోజుల్లో భూమధ్యరేఖ వెంట తూర్పుగా చుట్టి వస్తుంది. దీని స్థానాన్ని ఎనిమిది దశలుగా విభజించి సూచిస్తారు. మూడు, నాలుగు దశల్లో, అంటే తరంగం తూర్పు హిందూ మహాసముద్రం, ఇండొనేసియా దీవుల మీద ఉన్నప్పుడు బంగాళాఖాతంలో అల్పపీడనాలు బలపడే అవకాశం పెరుగుతుంది. ఇది పెద్దది, నెమ్మదిగా కదిలేది కాబట్టి నమూనాలు దీనిని రెండు మూడు వారాల ముందే పట్టుకోగలవు. ఫలానా తేదీన తుపాను అని ఇది చెప్పదు; రానున్న పది రోజులు ఆదమరచి ఉండదగినవో కావో మాత్రం చెబుతుంది.

తర్వాత చూడవలసింది 850 హెక్టోపాస్కళ్ల పటం, అంటే సముద్రమట్టానికి సుమారు కిలోమీటరున్నర ఎత్తులోని గాలి. అండమాన్ సముద్రం మీద, థాయిలాండ్ సింధుశాఖ మీద గాలులు సుడి తిరుగుతున్నాయా అన్నది అందులో తెలుస్తుంది. పసిఫిక్‌లో పుట్టి వియత్నాం, థాయిలాండ్‌లను దాటి బలహీనపడిన సుడి అండమాన్ సముద్రంలోకి దిగి మళ్లీ ఊపిరి పోసుకోవడం ఈ కాలంలో తరచూ జరిగేదే; 2013 అక్టోబరులో వచ్చిన ఫైలిన్ తుపాను మూలం దక్షిణ చైనా సముద్రం వైపు నుంచి వచ్చిన అటువంటి శేషమే. ఆ సుడి బలపడుతుందా అన్నది కింది గాలికి, 200 హెక్టోపాస్కళ్ల స్థాయిలో, అంటే సుమారు పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో వీచే గాలికి మధ్య ఉన్న తేడా నిర్ణయిస్తుంది. జులైలో కింద బలమైన పడమటి గాలులు, పైన బలమైన తూర్పు గాలులు ఉండడంతో ఏ సుడి అయినా నిటారుగా నిలవలేక వంగిపోతుంది. సముద్రం వేడిగానే ఉన్నా ఆ నెలలో పెనుతుపానులు రాకపోవడానికి ఇదే కారణం. రుతుపవనాలు వెనుదిరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది, నీటి ఉష్ణోగ్రత మాత్రం 28 డిగ్రీలకు తగ్గకుండా ఉంటుంది. అక్టోబరు తుపానులకు మార్గం తెరిచేది ఇదే.

పుట్టిన వ్యవస్థ ఎటు పోతుందన్నది ఎగువన ఉన్న అధిక పీడన వీపు చేతిలో ఉంటుంది. ఈ వీపు తూర్పు పడమరలుగా సాగి ఉంటుంది. దాని దక్షిణాన ఉన్న వ్యవస్థ పడమర, వాయవ్య దిశగా కదిలి తీరానికి వస్తుంది, దాని అంచును దాటి ఉత్తరానికి జారిన వ్యవస్థ హిమాలయాల మీదుగా పోయే పడమటి గాలుల ద్రోణికి చిక్కి ఈశాన్యానికి మళ్లుతుంది. వారం ముందు ఆ వీపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంటుందా, 20 మీద ఉంటుందా అన్న చిన్న తేడాయే తుపాను ఆంధ్ర తీరానిదా, ఒడిశాదా, బంగ్లాదేశ్‌దా అని తేలుస్తుంది. అందుకే అనుభవజ్ఞుడైన అంచనాకారుడు తుపాను బొమ్మ కన్నా ఆ వీపు బొమ్మను ఎక్కువసేపు చూస్తాడు.

మధ్యకాలిక అంచనా శక్తి ఎంతో, హద్దు ఎక్కడో ఒకేసారి తెలియాలంటే మూడు అక్టోబరు తుపానులను పక్కపక్కన పెట్టి చూడాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలులతో తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదే తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. మూడూ అక్టోబరు 7, 8 తేదీల్లోనే వాయుగుండాలుగా మారాయి. మూడూ వాయవ్య దిశగా సాగి తీరానికి వచ్చాయి. గోపాల్‌పూర్ నుంచి విశాఖపట్నానికి నేరుగా కొలిస్తే 250 కిలోమీటర్ల లోపే. అయిదారు రోజుల ముందు వేసే అంచనాలో తుపాను స్థానం రెండు మూడు వందల కిలోమీటర్లు అటూఇటూ కావడం నేటికీ అసాధారణం కాదు. అంటే ఆ దూరం నుంచి చూసినప్పుడు ఈ మూడు తుపానులూ దాదాపు ఒకే తుపానులా కనిపిస్తాయి. ఏ నగరం ధ్వంసమవుతుంది, ఏ తోట కూలుతుంది అన్న భేదమంతా అంచనా దోషపు వెడల్పులోనే ఇమిడిపోతుంది. ‘అక్టోబరు రెండో వారంలో ఉత్తర కోస్తా, దక్షిణ ఒడిశా మధ్య తీవ్ర తుపాను’ అన్న మాట అయిదు రోజుల ముందు శాస్త్రీయమైన మాట. ‘విశాఖ మీద తుపాను’ అన్న మాట అదే రోజున, చివరికి నిజమే అయినా, అదృష్టం కలిసివచ్చిన మాట మాత్రమే.

తీరం దాటే చోటు తెలిసినంత మాత్రాన వాన పడే చోటు తెలియదు. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర వాయుగుండం తీరం దాటితే, ఊహించని వరద వచ్చింది అక్కడికి నైరుతిన నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోని విజయవాడకు. బుడమేరు పొంగి నగరంలోని పల్లపు కాలనీలు చాలా మునిగాయి, ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రుతుపవన కాలపు వాయుగుండాలు ఎత్తుకు పోయేకొద్దీ నైరుతి వైపు వంగి ఉంటాయి, అవి పడమరగా కదిలేటప్పుడు కుండపోత వాన వాటి నైరుతి భాగంలోనే పడుతుంది. పటంలో సుడి కేంద్రానికి గుర్తు ఎక్కడ ఉందో అక్కడ వేలు పెట్టి చూసేవారు ఈ సంగతిని ఎప్పటికీ పట్టుకోలేరు. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం కూడా తుపాను స్థాయికి చేరలేదు, దానికి పేరు పెట్టే అవసరమూ రాలేదు; ఆ రోజు అది తెలంగాణ మీదుగా పడమరకు సాగుతూ హైదరాబాదులో 24 గంటల్లో సుమారు 19 సెంటీమీటర్లు, నగర శివార్లలో కొన్ని చోట్ల 30 సెంటీమీటర్లు దాటిన వాన కురిపించింది. తుపాను స్థాయిలన్నీ గాలివేగాన్ని బట్టి పెట్టినవి. వానను కొలిచే స్థాయిలు వేరు: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ వర్షం. ఒకదానిని చూసి రెండోది ఊహించుకోవడం ఈ కాలంలో ప్రాణాంతకమైన అలవాటు.

తీరం దాటిన తర్వాత కూడా కథ ముగియకపోవచ్చునని 2021లో గులాబ్ చూపింది. సెప్టెంబరు 26 సాయంత్రం కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన ఆ తుపాను, తెలంగాణ, మరాఠ్వాడా మీదుగా వాన కురిపిస్తూ దక్కన్ పీఠభూమిని దాటి, గుజరాత్ వైపు నుంచి అరేబియా సముద్రంలోకి దిగి, షాహీన్ అనే కొత్త పేరుతో మళ్లీ తుపానై, అక్టోబరు 3న ఒమన్ తీరాన్ని తాకింది. సెప్టెంబరు చివరలో నేల ఇంకా తడిగా ఉండి, గాలిలో తేమ తగ్గకపోతే వాయుగుండం నేల మీద కూడా ఆరిపోకుండా రోజుల తరబడి బతకగలదు. అక్టోబరు నెలాఖరున అదే వాయుగుండం ఉత్తరం నుంచి దిగివచ్చే పొడిగాలిని పీల్చి రెండో రోజుకే చచ్చిపోతుంది. కనుక 700 హెక్టోపాస్కళ్ల స్థాయిలో, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తులో తేమ ఎంతుందో చూపే పటం ఈ కాలంలో విడిచిపెట్టరానిది.

సమష్టి అంచనాను చదవడంలో ఒక ఉచ్చు ఉంది. ఎనిమిది రోజుల తర్వాతి అంచనాలో 51 మంది సభ్యుల్లో 25 మంది వాయుగుండాన్ని పూరీ వైపు, 26 మంది నెల్లూరు వైపు పంపారనుకుంటే, సగటు దారి రెండింటి మధ్యన కాకినాడకు అటూఇటూ పడుతుంది. ఏ ఒక్క సభ్యుడూ చెప్పని చోటు అందరూ కలిసి చెప్పిన చోటుగా పటం మీద మెరుస్తుంది. సగటు వాన పటమూ ఇలాగే మోసం చేస్తుంది: ఇక్కడ 20 సెంటీమీటర్లు, అక్కడ సున్నా అన్న రెండు బలమైన అవకాశాలను కలిపి అంతటా సుమారు పది సెంటీమీటర్ల వానగా చూపుతుంది. సభ్యులు ఒకే గుంపుగా ఉన్నప్పుడే సగటుకు అర్థం ఉంటుంది. రెండు గుంపులుగా చీలినప్పుడు సగటును పక్కన పెట్టి, ఏ గుంపు ఏ కారణం వల్ల విడిపోయిందో చూడాలి; సాధారణంగా అవి ఎగువ వీపు విషయంలోనే విడిపోతాయి.

రెండో ఉచ్చు కొత్త అంచనా మీది మోజు. యూరప్ నమూనా పూర్తి నిడివి అంచనా ఉదయం 5:30, సాయంత్రం 5:30 భారత సమయపు కొలతల ఆధారంగా రోజుకు రెండుసార్లు, అమెరికా నమూనా రోజుకు నాలుగుసార్లు వస్తుంది. తొమ్మిదో రోజు ఒక తుపాను నిన్న ఉదయం చెన్నైకి, నిన్న సాయంత్రం ఒంగోలుకు, నేడు మళ్లీ చెన్నైకి వస్తుందని చూపితే, ప్రతిసారీ కొత్త వార్త పుట్టినట్టు కాదు. దాని గమ్యం ఇంకా తెలియదన్న పాత వార్తే మూడుసార్లు వచ్చింది. అలాగాక వరుసగా నాలుగు అంచనాల్లో స్థానం ఒకే వైపు, ఉదాహరణకు ఉత్తరానికే జరుగుతూ పోతే ఆ జరుగుడులో సమాచారం ఉంది. అమెరికా నమూనా పదహారు రోజుల వరకు పటాలు ఇస్తుంది, పది రోజులు దాటిన తర్వాత లేని తుపానులను బంగాళాఖాతంలో పుట్టించే అలవాటు దానికి ఉంది. ఏటా అక్టోబరులో సామాజిక మాధ్యమాల్లో తిరిగే భయానకమైన ఎర్ర సుడుల బొమ్మలు చాలావరకు ఈ బాపతువే. ఒక్క నమూనా, ఒక్క సభ్యుడు, పది రోజుల అవతలి తేదీ అన్న మూడు లక్షణాలూ కలిసిన బొమ్మను నమ్మవలసిన అవసరం ఎవరికీ లేదు.

సంభావ్యతను చదవడానికి దీర్ఘకాల సగటు తెలియాలి. హైదరాబాదులో అక్టోబరు నెలలో రెండున్నర మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ వాన పడే రోజులు సగటున అయిదారు. అంటే ఏ సమాచారమూ లేకుండానే ఏదో ఒక రోజున వాన పడే అవకాశం ఆరింట ఒకటి. సమష్టి అంచనా 30 శాతం అన్నప్పుడు అది ‘పడకపోవచ్చు’ అన్న మాట మాత్రమే కాదు, మామూలుకు దాదాపు రెట్టింపు అవకాశం అన్న మాట కూడా. నిజాయితీగల అంచనాకు గీటురాయి ఏమిటంటే, 30 శాతం అని చెప్పిన రోజులన్నిటినీ ఏరి చూస్తే వాటిలో సుమారు 30 శాతం రోజుల్లో వాన పడి ఉండాలి. ఒక్క రోజు ఫలితాన్ని బట్టి అంచనా ‘తప్పింది’ అనడానికి ఈ పద్ధతిలో వీలు లేదు.

ఎంత శాతానికి కదలాలన్నది మాత్రం శాస్త్రజ్ఞుడు చెప్పేది కాదు, నష్టపోయేవాడి లెక్క చెప్పేది. కళ్లంలోని మొక్కజొన్నను కుప్పచేసి టార్పాలిన్ కప్పడానికి వెయ్యి రూపాయల కూలి, తడిస్తే పది వేల నష్టం అనుకుంటే, వాన అవకాశం పది శాతం దాటిన రోజునే కప్పడం లాభం. శనగ విత్తనం వేయాలనుకునే రైతు లెక్క ఇందుకు విరుద్ధం: పదును చాలకుండా విత్తితే మొలక పోతుంది, విత్తనం ఖరీదైనది, కాబట్టి తగినంత వాన పడే అవకాశం అరవై డెబ్బై శాతం ఉంటే తప్ప తొందరపడడు. ఒకే 40 శాతం అంచనా విని ఒకరు పరుగెత్తడం, మరొకరు కూర్చోవడం రెండూ సరైనవే. మంగళ, శుక్రవారాల్లో వెలువడే జిల్లా వ్యవసాయ వాతావరణ సూచనలను అయిదు రోజుల అంకెలతో పాటు ఈ దృష్టితో చదివినప్పుడే వాటికి విలువ.

పొడి వాతావరణం గురించిన అంచనాను ఈ కాలంలో ఎక్కువమంది తక్కువగా చూస్తారు, నిజానికి నమూనాల పనితనం బాగా కనిపించేది అక్కడే. రుతుపవనాలు వాయవ్య భారతం నుంచి వైదొలగినట్టు ప్రకటించడానికి సెప్టెంబరు 1 తర్వాత అయిదు రోజులు వరుసగా వాన లేకపోవడం, కింది స్థాయిలో అధిక పీడన సుడి ఏర్పడడం, గాలిలో తేమ గణనీయంగా తగ్గడం అన్న మూడు గుర్తులు చూస్తారు. ఈ మూడు గుర్తుల్లో రెండు, వేల కిలోమీటర్ల మేర విస్తరించే పెద్ద సంగతులే. పెద్ద సంగతులను నమూనాలు ముందే పట్టుకుంటాయి. ఉత్తర తెలంగాణకు వారం పాటు పొడిగా ఉంటుందని అక్టోబరు రెండో వారంలో సభ్యులందరూ ఏకమై చెబితే, పత్తి తీతకు కూలీలను మాట్లాడుకోవచ్చు. చిన్న వానల విషయంలో మాత్రం నమూనాలకు ఒక పాత జబ్బు ఉంది: పరామితీకరణ వల్ల అవి తేలికపాటి తుంపరను నిజంగా పడేదానికన్నా ఎక్కువ రోజులు, ఎక్కువ చోట్ల చూపుతాయి, కుండపోతను నిజంగా పడేదానికన్నా తక్కువగా చూపుతాయి. అంచనాలో రోజూ రెండు మిల్లీమీటర్లు కనిపిస్తే అది చాలావరకు పొడి రోజే; 8 సెంటీమీటర్లు కనిపిస్తే గడిలోని ఏదో ఒక మండలంలో అంతకు రెట్టింపు పడే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వాతావరణ శాఖ ‘ఒకటి రెండు చోట్ల’ అన్నప్పుడు ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతు లోపు, ‘కొన్ని చోట్ల’ అన్నప్పుడు సగం లోపు అని నిర్దిష్టమైన అర్థం ఉంది. వాన రోజు ఉదయం 8:30తో ముగుస్తుందన్నది కూడా గమనించదగినదే. మంగళవారం రాత్రి పడిన వాన బుధవారం లెక్కలో కనిపిస్తుంది.

ఇటీవల ఈ రంగంలోకి కృత్రిమ మేధ నమూనాలు ప్రవేశించాయి. 2023లో హువావే వారి పంగు-వెదర్, గూగుల్ డీప్‌మైండ్ వారి గ్రాఫ్‌కాస్ట్ వెలువడ్డాయి. యూరప్ కేంద్రం తన సొంత కృత్రిమ మేధ నమూనాను 2025 ఫిబ్రవరిలో నిత్య వాడుకలోకి తెచ్చింది. ఇవి సమీకరణాలను సాధించవు, 1979 నుంచి కూడబెట్టిన వాతావరణ చరిత్ర నుంచి నేర్చుకుని నిమిషాల్లో పది రోజుల అంచనా ఇస్తాయి. తుపాను దారి విషయంలో ఇవి పాత నమూనాలతో సమానంగా, కొన్నిసార్లు మెరుగ్గా నిలిచాయి. అయితే సగటు దోషం తగ్గించేలా శిక్షణ పొందినవి కావడంతో రోజులు గడిచేకొద్దీ పటం అలికినట్టై, తుపాను బలం, వాన తీవ్రత ఉన్నదానికన్నా తగ్గిపోతాయి. ప్రస్తుతానికి వీటిని దారి కోసం చూడడం, తీవ్రతకు భౌతిక నమూనాల సమష్టిని చూడడం సబబైన పద్ధతి.

వాయుగుండం ఏర్పడి తీరానికి మూడు రోజుల దూరంలోకి వచ్చిన తర్వాత మధ్యకాలిక పటాల పని పూర్తయినట్టే. అప్పుడు 24 గంటల ముందు అంచనాలో స్థాన దోషం సగటున 70, 80 కిలోమీటర్లకు దిగుతుంది. తుపాను ఏర్పడితే వాతావరణ శాఖ మూడు గంటలకొక బులెటిన్ ఇస్తుంది. విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్, చెన్నై, శ్రీహరికోటల్లోని డాప్లర్ రాడార్లు వాన పట్టీలను నేరుగా చూపుతాయి. అక్కడి నుంచి పాఠకులు వారం కిందటి పటాలను మూసివేసి, ఆ బులెటిన్‌లోని వాన భాగాన్ని గాలి భాగం నుంచి వేరుచేసి, తమ జిల్లా పేరు రెండింటిలోనూ ఎక్కడ ఉందో చూసుకోవాలి.